మాల్టా దేశం, హమ్రూన్ ఊళ్లో ఓట్ల శనివారం

2024 జూన్ 8, రాత్రి 11

పొద్దున ఏడింటికే కింద వాటా నన్నా తయారై కూర్చుంది. మాల్టీస్‌లో నన్నా అంటే నాన్నమ్మ. మొదట్లో అలా పిలవబోతే మా నాన్నే గుర్తొచ్చి నోరు తిరిగేది కాదు. చేతిసంచిలో ఓటు కాగితం, పోలీసాయన ఇంటికొచ్చి ఇచ్చి వెళ్లింది. పక్కన మనవడు. పదహారు నిండి రెండు నెలలు. ఇక్కడ 2018 నుంచి పదహారుకే ఓటు. మీసం కూడా సరిగ్గా రానివాడు యూరోపియన్ పార్లమెంటుకు ఓటేయబోతుంటే, ముప్పైనాలుగేళ్ల నేను వాళ్లకు తోడుగా బడి గేటు దాకా వెళ్లి ఆగిపోయాను.

మా కిచెన్‌లో ఇటలీ కుర్రాడొచ్చి ఏడాదే, వాడికీ ఓటుంది, యూరోపియన్ యూనియన్ పౌరుడు కదా. నాకు లేదు. పోనీ ఖమ్మంలో వేద్దామంటే, ప్రవాసులు స్వయంగా బూత్‌కు రావాల్సిందే. మే 13న పోలింగ్. టూరిస్టుల సీజన్‌లో సెలవడిగే ధైర్యం చాల్లేదు.

దారిలో మనవడికి ఒకటే అనుమానం: ఒకటో నంబరు వేసి ఊరుకోవాలా, మిగతావాళ్లకీ అంకెలు వేయాలా? నవ్వొచ్చింది. ఇది మన పట్టభద్రుల ఎమ్మెల్సీ లెక్కే! నిన్న రాత్రి దాకా నల్లగొండలో జరిగిందీ అదే: 52 మంది అభ్యర్థులు, ఒక్కొక్కరినే ఎలిమినేట్ చేసుకుంటూ జూన్ 5 నుంచీ లెక్కింపే లెక్కింపు. కాకపోతే మనకక్కడ ఒకటే సీటు, సగం దాటాలి. ఇక్కడ దేశం మొత్తం ఒకే నియోజకవర్గం, సీట్లు ఆరు. చెల్లిన ఓట్లను ఏడుతో భాగించి ఒకటి కలిపితే వచ్చేది కోటా, అంటే గెలవడానికి కావాల్సిన ఓట్లు. గెలిచినవాళ్ల మిగులు ఓట్లు, ఓడినవాళ్ల ఓట్లు తర్వాతి ప్రాధాన్యతకు పోతాయి. "ఎన్ని అంకెలు వేస్తే అంత దూరం నీ ఓటు నడుస్తుందిరా" అన్నాను. నా ఇంగ్లీషులో ఎంత అర్థమైందో.

ఆరంటే తక్కువేం కాదు. అయిదున్నర లక్షల చిల్లర జనం, మా ఖమ్మం లోక్‌సభ ఓటర్లలో మూడో వంతు. యూరోపియన్ పార్లమెంటు 720 సీట్లను జనాభా లెక్కనే పంచితే మాల్టాకు ఒక్కటి కూడా నిండుగా రాదు. అందుకే ఎంత చిన్న దేశానికైనా ఆరు, ఎంత పెద్దదానికైనా 96 అని గీత గీసుకున్నారు. ఎనిమిది కోట్లు దాటిన జర్మనీకి ఆ 96. ఒక జర్మన్ ఓటు విలువ ఇక్కడివాళ్ల ఓటులో తొమ్మిదో వంతన్నమాట. వాళ్లకు మండదా? మండుతుంది. కానీ డీలిమిటేషన్‌తో దక్షిణాదికి సీట్లు తగ్గుతాయని భయపడుతున్న చోటినుంచి వచ్చినవాణ్ని, నాకైతే ఈ బేరం నచ్చింది.

నన్నా పుట్టుకతో నీలం పార్టీ, అంటే నేషనలిస్ట్ పార్టీ. ఆ పార్టీ రోబెర్టా మెట్సోలా మాటెత్తితే సొంత కూతురి గురించి చెప్పినట్టే. 2022 జనవరి నుంచి యూరోపియన్ పార్లమెంటు అధ్యక్షురాలు ఆవిడే. "ఆరుగురమే, కానీ కుర్చీలో మా పిల్ల" అని దారి పొడవునా చెబుతూనే ఉంది.

సాయంత్రం డ్యూటీకి పోతుంటే మనవడు మెట్ల మీద ఆపాడు. ఒకటో నంబరు ఎరుపుకి, అంటే ఎదుటి లేబర్ పార్టీకి వేశాడట. "నన్నాకి చెప్పొద్దు" అన్నాడు. మొత్తం మాల్టాలో ఆ సంగతి ఓటు లేని నాకొక్కడికే తెలుసు.