షటిల్ ఆడిన రాత్రి

ఇంటర్ చదువుతుండగా నాకు టైప్ వన్ డయాబెటిస్, అంటే ఒళ్ళు ఇన్సులిన్ తయారు చేసుకోలేని షుగర్ జబ్బు, అని తేలింది. ఆస్పత్రి, సెలైన్లు, పూటపూటకీ ఇన్సులిన్, వేలి చివర సూది పోట్లు... ఈ జబ్బున్న ఇళ్ళల్లో అందరికీ తెలిసినవే.

మాది అమలాపురం దగ్గర పల్లె. బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ పుట్టిన ఊరి పక్కన పెరిగి షటిల్ ఆడకుండా ఎలా ఉంటాం? మొదట చూసిన డాక్టరు గారు మాత్రం రాస్తున్న చీటీ మీంచి తల ఎత్తకుండా, "ఆటలు మానిపించెయ్యండి, గొడవ ఉండదు" అన్నారు. "ఆయ్, అలాగేనండి" అన్నారు నాన్నగారు. ఆ డాక్టరు మాట మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆడితే ఒంట్లో ఏమవుతుందో ఒక్క ముక్క చెబితే ఆ రాత్రి వచ్చేది కాదు.

అయినా ఆ సాయంత్రం చాలాసేపు ఆడాను. పడుకునే ముందు షుగర్ 140. అందరం నిశ్చింతగా పడుకున్నాం. అర్ధరాత్రి దాటాక కరెంటు పోయి అమ్మ లేచింది. నేను మూలుగుతున్నానట. ఒళ్ళంతా చెమట, బట్టలు పిండితే నీళ్ళొచ్చేలా ఉన్నాయి. పిలిస్తే ఏదేదో అంటున్నానట. నాకు గుర్తున్నది ఒక్కటే, అమ్మ గొంతు కాలవ అవతలి గట్టు మీంచి వస్తున్నట్టు ఉంది. టార్చి వెలుగులో మీటరు 41 చూపించింది. మింగే స్పృహ ఉంది కాబట్టి అమ్మ నన్ను కూర్చోబెట్టి పంచదార నీళ్ళు కొద్దికొద్దిగా తాగించింది. నానమ్మ అరికాళ్ళు రుద్దుతూ వెంకన్నకి మొక్కుకుంది. పావుగంటకి 63, మళ్ళీ తాగించాక 90 దాటింది. అమ్మ తెల్లారేదాకా పడుకోలేదు.

మర్నాడు చూడ్డానికొచ్చిన మా బంధువు ఒకావిడ, కాఫీ తాగుతూ, "షుగరున్న ఆడపిల్ల అలా ఎగరకూడదమ్మా. రేపు పెళ్ళెవరు చేసుకుంటారు?" అంది. అమ్మ లోపలికెళ్ళి ఏడ్చింది. ఆవిణ్ణి నేను క్షమించలేదు.

కాకినాడలో ఒక డాక్టరమ్మ దొరకడం మా అదృష్టం. ఆడేటప్పుడు కండరాలు తాము దాచుకున్న చక్కెర వాడేసి, తర్వాత గంటల తరబడి నెత్తురులోంచి లాక్కుంటాయట. మామూలు వాళ్ళకి ఒళ్ళే ఇన్సులిన్ తగ్గించుకుంటుంది, మనం పొడుచుకున్నది తగ్గదు. అందుకే సాయంత్రం ఆడితే ప్రమాదం రాత్రికి. ఈ సంగతి ఆవిడ మా అమ్మకి బొమ్మ వేసి మరీ చెప్పారు. ఆటలు మానమనలేదు.

ఇప్పుడు ఆటకి ముందు చూసుకుంటాను. 126 నుంచి 180 మధ్య ఉంటే దిగుతాను. 90 కంటే తక్కువుంటే ఏదైనా తిని, పెరిగాకే. 250 దాటితే కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒళ్ళు కొవ్వు కరిగించుకున్నప్పుడు నెత్తురులో చేరే ఆమ్లాలు) చూస్తాను, అవి ఉంటే ఆ రోజు ఆట లేదు. ఆటకి ముందు భోజనం డోసు, ఆడిన రాత్రి వేసుకునే డోసు డాక్టరమ్మ చెప్పినంత తగ్గిస్తాను. ఎంతన్నది ఎవరికి వాళ్ళకే, మీ డాక్టర్నే అడగండి. పరిగెత్తే ముందు తొడకి ఇంజెక్షన్ వద్దు, త్వరగా ఎక్కేస్తుంది. ఆడిన రోజు రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని మళ్ళీ చూసుకుంటాను.

70 కంటే పడిందంటే 15 గ్రాముల గ్లూకోజ్ లేదా మూడు టీ చెంచాల పంచదార, పావుగంటాగి మళ్ళీ పరీక్ష. ఇలాంటప్పుడు చాక్లెట్టూ, మన ఆత్రేయపురం పూతరేకులూ పనికిరావు. కొవ్వూ నెయ్యీ ఉన్న తీపి నెత్తురులోకి ఆలస్యంగా చేరుతుంది.

అమ్మ వాడపల్లి వెంకన్న గుడికి ఏడు శనివారాల మొక్కు పూర్తి చేసింది. దేవుడి దయ, డాక్టరమ్మ దయ రెండూ ఉన్నాయనే నేను నమ్ముతాను.

మీ పిల్లలు ఆడేచోట ఎవరో ఒకరికి ఈ జబ్బు సంగతి తప్పకుండా చెప్పండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకూడదనీ, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలనీ చెప్పండి. ఇంట్లో గ్లూకగాన్ (పడిపోయిన షుగర్ని పెంచే మందు) ఉంచుకోవాలా అని డాక్టర్ని అడగండి. మా కోర్టులో చిన్న పిల్లలక్కూడా తెలుసు, నా బ్యాగు ముందు జేబులో గ్లూకోజ్ పొడి ఉంటుందని.