సున్నుండ ఎడమ దవడ

ఇదివరకు పొద్దున్న లేవగానే పాల ప్యాకెట్ అందుకునేదాన్ని. ఇప్పుడు ముందు పెంటికలు లెక్కపెడుతున్నాను. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ పెంటికల్ని పెంటికలనక ఇంకేమనను? కుందేలు బాగోగులన్నీ ఆ గుండ్రటి గింజల్లోనే ఉంటాయి. మంచిగా ఉన్న రోజుల్లో మా సున్నుండగాడు రోజుకి 200 పైనే వేసేవాడు, చీపురు పట్టుకుని నేను తిట్టేదాన్ని. నిన్న 64. అందులో సగం మిరియపు గింజలంతే.

మాది పర్లాకిమిడి. ముందు గదిలో నా కుట్టు మిషను, దాని కింద సున్నుండ గోనెపట్టా. 2016లో మా బాబు చిన్న క్లాసులో ఉండగా వాణ్ని బరంపురం నుంచి చెప్పుల డబ్బాలో పెట్టుకుని తెచ్చాడు. రంగు, గుండ్రం చూసి మా అత్తగారు పేరు పెట్టేశారు. ఇప్పుడు బాబు భువనేశ్వర్‌లో చదువుకుంటున్నాడు. సున్నుండకి తొమ్మిదేళ్లు. ఇంట్లో పెరిగే కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్ల దాకా బతుకుతుంది, అంటే వాడూ మా అత్తగారి ఈడువాడే.

సంక్రాంతి వెళ్లాక గడ్డం కింద తడి కనిపించింది. నీళ్లు తాగి ఉంటాడనుకున్నాను. తర్వాత గరిక వదిలేసి కొత్తిమీర ఆకులే ఏరుకోవడం మొదలుపెట్టాడు. "ముసలాడయ్యాడు, నోటికి రుచులు కావాలి" అన్నారు మా ఆయన. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు. నేను మందుల షాపులో అడిగితే కుక్కపిల్లలకి వేసే సిరప్ ఒకటి చేతిలో పెట్టారు. ఎందుకో వెయ్యబుద్ధి కాలేదు. విశాఖలో కుందేళ్లని చూసే డాక్టరుగారి నంబరు దొరికితే సీసా ఫోటో పంపాను. రెండు నిమిషాల్లో ఫోన్ వచ్చింది, "అమ్మా, వేసేశారా?" అని. అది అమోక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్. కుందేలుకి నోట్లో పోస్తే పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విరేచనాలు పట్టుకుని ప్రాణం మీదకి వస్తుందట. ఆ సీసా ఇప్పటికీ కిటికీలో ఉంది. పారెయ్యడానికి కూడా చేతులు రావడం లేదు.

రైలెక్కి విశాఖ వెళ్లాం. వాణ్ని కూరల బుట్టలో పెట్టి పైన పాత ఓణీ కప్పాను. ఎక్స్‌రే తీసి డాక్టరుగారు చూపించేదాకా, కుందేలుకి 28 పళ్లుంటాయని, అన్నీ చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయని నాకు తెలీదు. ముందు పళ్లయితే వారానికి సుమారు రెండు మిల్లీమీటర్లు పెరుగుతాయి. పీచున్న గడ్డి గంటల తరబడి నమిలితేనే దంతాలు అరుగుతాయి. మేము పెట్టిందేమిటి? బిస్కెట్టు, అన్నం, కేరట్టు. బొమ్మల పుస్తకంలో కుందేలు చేతిలో కేరట్టే ఉంటుంది కదా! వెనక దంతం వేరు కిందికి దిగి ఎడమ దవడ ఎముకలో చీముగడ్డ కట్టింది. కుందేలు చీము కారిపోయే రకం కాదు, టూత్‌పేస్టులా గట్టిగా ఉంటుంది. గాటు పెట్టి పిండేస్తే పోదు. దంతం పీకి, ఎముక గీకి, వారాల తరబడి పుండు కడుక్కోవాలి, అయినా మళ్లీ రావచ్చు. తొమ్మిదేళ్లవాడికి మత్తు ఇవ్వడం ఒక భయం. "నా ఇంట్లో కుందేలైతే నొప్పి లేకుండా చూసుకుంటాను" అన్నారాయన. మేమూ అదే అనుకుని, నొప్పి తగ్గించే మెలోక్సికామ్ చుక్కలు, కుందేలుకి పడే యాంటీబయాటిక్ పట్టుకుని తిరిగొచ్చేశాం. తిరుగు రైల్లో మా ఆయన పాతపట్నం దాటేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఇక తిండి. కుందేలు పేగు ఆగకూడదు, వాంతి చేసుకోలేని జీవి. ఒక పూట కడుపు మాడ్చినా గ్యాస్ పట్టేసి కథ మారిపోతుంది. కుందేళ్ల మేత గుళికలు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, గరికా కొత్తిమీరా వేసి మిక్సీలో మెత్తగా తిప్పి, వడగట్టి, సూది లేని సిరంజితో పడుతున్నాను. పూటకి 12 మిల్లీలీటర్లు, రోజుకి ఐదు పూటలు. ముందు పళ్ల వెనక సందులోంచి, పక్కగా, కొంచెం కొంచెంగా. వాడు నమిలి మింగాకే తర్వాతది, తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మొదటి వారం నాకు చేతకాలేదు. వాడు తల విదిలిస్తే, హుక్కులు కుట్టడం ఒక్కటే మిగిలిన పెళ్లికూతురి జాకెట్టు మీద పచ్చటి చుక్కలు పడ్డాయి. పసుపు రంగు పట్టుది, ఇంకా బాగుంది! నా డబ్బులతో గుడ్డ కొని మళ్లీ కుట్టిచ్చాను. అప్పట్నుంచి మిషనుకి దుప్పటి కప్పకుండా సిరంజి ముట్టుకోను.

గడ్డం నాని పుండు పడకుండా కాటన్ లైనింగ్ ముక్కలతో అద్దుతాను, అవి నా దగ్గర సంచుల కొద్దీ ఉన్నాయి. ఎండలు ముదిరాక కష్టం పెరిగింది. కుందేలుకి చెమట పట్టదు, వేడి ఎక్కువగా చెవుల్లోంచే పోవాలి. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ల సీసాకి తువ్వాలు చుట్టి పక్కన పెడితే దాన్నానుకుని పడుకుంటాడు. వినాయక చవితికి తప్ప గరిక మొహం చూడని మా ఆయన రోజూ మహేంద్రతనయ గట్టుకి పోయి సంచీ నింపుకొస్తున్నారు. వాడు లేతవి రెండు పోచలు నోట్లో పెట్టుకుంటే "చూశావా" అంటారు. పక్కింటి ఒడియా మావుసీ గుమ్మంలోంచే "ఠేకువా ఖాయిలా కీ?" అని అడుగుతుంది, కుందేలు తిందా అని. ఆవిడ తన మనవడి గురించి కూడా ఇన్నిసార్లు అడగదు.

ఆదివారాలు కిరాణా కొట్టు కాటా మీద తూస్తాం. మొదట్లో 2 కిలోల 100, ఈ వారం కిలో 450. కొట్టాయన కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు తూచి, ఏమీ అనకుండా ఒక కొత్తిమీర కట్ట ఇచ్చాడు.

కుందేలు నొప్పి దాచుకుంటుంది. బలహీనంగా కనిపిస్తే నక్క చూస్తుందని దాని పుట్టుకలోనే ఉన్న భయం. ముడుచుకుని కూర్చుని పళ్లు గట్టిగా పటపటలాడించినా, కొత్తిమీర కూడా వద్దన్నా ఇక ఆలస్యం చెయ్యొద్దని, నిద్ర సూది విషయం డాక్టరుగారు ముందే చెప్పారు. మా అత్తగారికి ఆ మాట గిట్టదు. "నోరు లేనిదాని ఆయుష్షు మన చేతిలో ఎందుకు" అంటారు. ఆవిడతో నేను వాదించను. రాత్రి వాడి పక్కన కూర్చుని పళ్ల చప్పుడు వినేది కూడా ఆవిడే.

బాబు రోజూ రాత్రి ఫోన్ చేసి "తిందా అమ్మా?" అంటాడు. తిన్నాడంటాను. వాడికి పరీక్షలు. నాలుగు నెలలుగా ఫోటోలన్నీ కుడివైపు నుంచే తీసి పంపుతున్నాను. నిన్న రాత్రి వాడే అడిగాడు, "అమ్మా, సున్నుండ ఎప్పుడూ ఒకే వైపు చూస్తున్నాడేం?" అని. లైటు సరిగ్గా లేదురా అన్నాను. మా ఆయన పేపరు మడిచి నా వైపు చూశారు.

ఈ పొద్దున్న 71 పెంటికలు. సిరంజి పట్టాక గడ్డం తుడిచి, గోనెపట్టా కిటికీ వైపు జరిపి, ఎడమవైపు నుంచి ఒక ఫోటో తీసి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఇంకా ఏమీ రాయలేదు.