మా పాపకి ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) అకౌంట్ తెరవడానికి నాలుగుసార్లు తిరిగాను – నా అనుభవం

నిన్న మధ్యాహ్నం మా పాప పేరు మీద పోస్టులో కొత్త స్టాంపుల మొదటి కవర్ వచ్చింది. ఆ సంతోషం మీదే రాస్తున్నా.

పాప ఏడో తరగతి. తపాలా శాఖ దీన్‌దయాళ్ స్పర్శ్ అని స్కాలర్‌షిప్ ఇస్తుంది, ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకి, ఏడాదికి 6000 రూపాయలు, ముందు స్టాంపుల మీద క్విజ్, తర్వాత ప్రాజెక్ట్. స్కూల్లో ఫిలాటెలీ క్లబ్ లేకపోతే పిల్లల పేరు మీద ఫిలాటెలీ డిపాజిట్ అకౌంట్ ఉండాలి. మా స్కూల్లో క్లబ్ లేదు.

ప్రాజెక్ట్‌కి కావాల్సింది మాత్రం ఇంట్లోనే ఉంది. తాతయ్య ట్రంకుపెట్టెలో పాత ఉత్తరాలున్నాయి, మా అన్నదమ్ముల్లో ఎవరూ పట్టించుకోకపోతే నేనే తెచ్చి ఇరవై ఏళ్ళు చెద పట్టకుండా కాపాడాను. అందులో 1937లో ఆరో జార్జి రాజు బొమ్మతో వేసిన స్టాంపులు. రెండణాల ఎర్ర స్టాంపు మీద తపాలా సంచితో పరిగెత్తే డాక్ రన్నర్, మూడణాల మీద టాంగా (గుర్రబ్బండి), మూడున్నర అణాల మీద ఒంటె, ఎనిమిదణాల మీద లారీ, పన్నెండణాల మీద విమానం. ఆ వరస చూసి పాపే అంది, "నాన్నా, ఉత్తరం ఎట్లా ప్రయాణం చేసిందో ఇదే ప్రాజెక్ట్" అని.

ఇక పోస్టాఫీసు సంగతి. మొదటిరోజు స్టాంపుల కౌంటర్లో అడిగితే "రెవెన్యూ స్టాంపులు లేవు" అన్నారు. అవి కాదండీ అంటే సేవింగ్స్ కౌంటర్‌కి పంపారు, అక్కడ ఆర్డీ ఫారం చేతిలో పెట్టారు. రెండోరోజు వెళ్తే ఆ సీటాయన సెలవు. మూడోరోజు శనివారం, పాపని కూడా తీసుకెళ్ళా, తనేమో రన్నర్ స్టాంపున్న కవర్ చూపిద్దామని ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టుకుని వచ్చింది. నలభై నిమిషాలు లైన్లో నిలబడి కిటికీ దగ్గరికొచ్చి విషయం చెప్తే ఆయన తలెత్తకుండానే, వెనకాల పదిమందికీ వినపడేలా, "స్టాంపులు ఏరుకోడానికి అకౌంటా? పనీపాటా లేదా మీకు, వెనకాల పెన్షన్ వాళ్ళున్నారు, జరగండి" అన్నాడు. ఎవరో నవ్వారు. పాప ఆ ఫోల్డర్‌ని మెల్లగా బ్యాగులోకి తోసేసింది. అది చూశాక నాకు నోట మాట రాలేదు, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆయన కూర్చున్న కుర్చీ ఆ స్టాంపు వల్ల వచ్చిందే కదా! 1840లో ఇంగ్లండులో పెన్నీ బ్లాక్ అనే మొట్టమొదటి స్టాంపు రాకముందు ఉత్తరం డబ్బులు ఎక్కువగా అందుకున్నవాళ్ళే కట్టేవాళ్ళు, దూరాన్ని బట్టి రేటు, కట్టలేక ఉత్తరం వెనక్కి పంపేసేవాళ్ళు ఎంతమందో. రోలండ్ హిల్ అనే ఆయన పుణ్యమా అని ముందే డబ్బు కట్టి చిన్న కాగితం ముక్క అంటించే పద్ధతి వచ్చింది. మన దగ్గర 1852లో సింధులో అక్కడి కమిషనర్ బార్టిల్ ఫ్రెరే సిండే డాక్ తెచ్చాడు, ఆసియాలోనే మొదటి స్టాంపు అది. 1854 నుంచి పావుతులం ఉత్తరానికి అర్ధణా అంటిస్తే దేశంలో ఎంత దూరమైనా వెళ్ళేది. ఆ సంచి మోసుకుని అడవుల్లో పరిగెత్తిన మనిషి బొమ్మని నా కూతురు ప్రేమగా తెస్తే, అదే శాఖ జీతం తీసుకుంటూ ఆ మాట అంటాడా?

నాలుగోసారి ఒక్కడినే వెళ్ళా. శాఖ వాళ్ళ వెబ్‌సైట్లోంచే రూల్స్ ప్రింట్ తీసుకుని, ఏ కౌంటర్‌కీ పోకుండా నేరుగా పోస్టుమాస్టర్ మేడమ్ గదికి. ఆవిడ చదివి, కూర్చోబెట్టి, ఫారం తెప్పించారు. ఆధార్ జిరాక్స్, ఫొటోలు, ఎన్ని స్టాంపులు, ఎన్ని ఫస్ట్ డే కవర్లు (స్టాంపు విడుదలైన రోజు ముద్రతో వచ్చే కవర్లు) కావాలో టిక్ పెట్టడం, అంతే, పావుగంట. కనీసం 200 కడితే చాలు, నేను 1000 కట్టా. కొత్త స్టాంపు వచ్చినప్పుడల్లా అందులోంచి కోసుకుని ఇంటికి పంపుతారు.

మీరు వెళ్తే కౌంటర్లో స్టాంపులు అనే మాటే అనకండి, ఫిలాటెలీ అనండి, ప్రింట్ చేతిలో ఉంచుకోండి, పిల్లల్ని మొదటిసారి తీసుకెళ్ళకండి. పాత స్టాంపుల్ని గోళ్ళతో పీకొద్దు, మామూలు నీళ్ళలో కాసేపు నానబెడితే అవే ఊడతాయి, తెల్లకాగితం మీద ఆరబెట్టండి, న్యూస్‌పేపర్ సిరా అంటుకుంటుంది. ముద్ర స్పష్టంగా పడ్డ కవర్ని మాత్రం అస్సలు ముట్టుకోవద్దు, అట్లాగే ఉంచాలి, ఏ ఊళ్ళో ఏ తేదీన పడిందో దాని మీదే ఉంటుంది.

నిన్న కవర్ రాగానే నేను కత్తెర తీశా. "నాన్నా, అటు వద్దు, ముద్ర తెగుద్ది" అని పాప లాక్కుని, స్కేలు పెట్టి పక్క అంచు మెల్లగా విప్పింది. ఖాళీ కవర్ కూడా రన్నర్ ఉన్న ఫోల్డర్లోనే పెట్టుకుంది. ఆ 1937 వరసలో మాకు రెండున్నర అణాల ఎద్దుబండి, నాలుగణాల రైలు, ఆరణాల స్టీమరు ఇంకా దొరకలేదు, ఎవరి దగ్గరైనా రెండేసి ఉంటే చెప్పండి, మా దగ్గర టాంగాలు మూడున్నాయి, మార్చుకుందాం.