కామెర్లు కాదు

2024 జనవరిలో మా ఇంటికి ఒక ఖాళీ పెట్టె వచ్చింది. లోపల బుడగల కవరు, తిరుగు చిరునామా చీటీ. ఉద్యోగం పోయిన మూడో రోజు కంపెనీ పంపిన పెట్టె అది, వాళ్ళ ల్యాప్‌టాప్ అందులో పెట్టి పంపేయమని. పంపేశాను. ఇంట్లో మాత్రం చెప్పలేదు. డాలస్ శివారులో మా ఇల్లు. ఇంటి నుంచే పని కాబట్టి గది తలుపు వేసుకుంటే చాలు. పొద్దున తొమ్మిదింటికి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఖాళీ బల్లతో మీటింగులు నడిపేవాడిని. "తప్పకుండా, సాయంత్రానికి పంపిస్తాను" అనేవాడిని, వంటింట్లోకి వినిపించేలా కాస్త గట్టిగా. సీసా కింది సొరుగులో ఉండేది.

పన్నెండో రోజు మా అమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది. దానికి పన్నెండేళ్ళు. బల్ల వైపు చూసింది, నా వైపు చూసింది. "నాన్నా, ల్యాప్‌టాప్ లేకుండా ఎవరితో మాట్లాడుతున్నావు?"

ఉద్యోగం పోవడంలో కంపెనీ తప్పు వెతకలేను. రెండేళ్ళుగా నాకు డిప్రెషన్. డాక్టరు రాసిన మాత్రలు నాలుగు నెలలు వాడి, వాటి బదులు సీసా పట్టుకున్నాను. తెల్లవారి లేవలేకపోయేవాడిని, ఇచ్చిన గడువులు దాటిపోయేవి. అమెరికాలో 1993 నుంచి ఒక చట్టం ఉంది: 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో ఏడాది దాటినవారు తీవ్రమైన జబ్బు చేస్తే 12 వారాల దాకా జీతం లేని సెలవు అడగవచ్చు. తాగుడు మాన్పించే చికిత్సకూ అది వర్తిస్తుంది. చికిత్సకు సెలవు ఇస్తారు, తాగి పడుకున్నందుకు ఇవ్వరు. అంత చక్కని వీలు ఉండీ నేను అడగలేదు. అడగాలంటే ముందు జబ్బు ఉందని ఒప్పుకోవాలి కదా.

ఆ తర్వాత సంగతి ప్రవాసులందరికీ తెలిసిందే. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే, ఇంకొకటి వెతుక్కోవడానికో దేశం విడవడానికో 60 రోజులు. మా ఆవిడ పని అనుమతి నా వీసాకు వేలాడుతున్నది, అదీ పోయినట్టే. ఆరోగ్య బీమా కొనసాగించుకోవచ్చు, కానీ ప్రీమియం మొత్తం మనమే కట్టుకోవాలి. కారు అమ్మేశాం. పిల్లలిద్దరూ అక్కడే పుట్టినవాళ్ళు, వాళ్ళను ఎవరూ వెళ్ళమనలేదు. బడి మధ్యలో మాన్పించి, మాతో పాటు మార్చి మొదటి వారంలో కడప తీసుకొచ్చాం.

మా అమ్మ ఇల్లు దేవుని కడపలో, గుడికి నాలుగు వీధుల అవతల. శివరాత్రి జాగరణ పేరు చెప్పి ఆ రాత్రి చివరిసారి అనుకుని తాగాను. మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా ఆపేశాను, మగతనం అనుకుని. రెండో రాత్రి చేతులు వణకడం మొదలైంది. చెమటతో చొక్కా తడిసిపోయింది. సున్నం గోడ మీద చీమలు బారులు తీరి కదులుతున్నాయి. చిన్నవాడిని పిలిచి చూపించాను. ఏడేళ్ళ పిల్లవాడు గోడ దగ్గరకు వెళ్ళి, వేలితో తడిమి, "లేవు నాన్నా" అన్నాడు. నేను నమ్మలేదు. వాడు మళ్ళీ తడిమాడు.

మా మామ ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ డాక్టరు చెప్పిన మాట తాగేవాడున్న ప్రతి ఇంటికీ తెలియాలి. ఏళ్ళ తరబడి రోజూ తాగిన ఒళ్ళు హఠాత్తుగా ఆపితే ఒకటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు, రెండు మూడు రోజులకు మతి చలించవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే దగ్గర పెట్టుకుని, బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చి, వణుకు తగ్గించే మాత్రలను రోజురోజుకూ తగ్గిస్తూ దించుతారు. తర్వాత అసలు డిప్రెషన్‌కు మళ్ళీ మాత్రలు మొదలుపెట్టారు.

"మనోవ్యాధికి మందు లేదు నాయనా" అంది అమ్మ ఆ మాత్రల చీటీ చూసి. వచ్చే కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకోమంది. మా వీధిలో ప్రతి ఏటా మాల వేసుకునే ఒకాయన నాకు తెలుసు. 41 రోజులు నిప్పులా ఉంటాడు, ఇరుముడి దించిన రాత్రే మొదలుపెడతాడు. మనోవ్యాధికి మందు లేదనడం కూడా నాకు అంత తేలికగా రుచించలేదు, రెండేళ్ళుగా నేను దానికి పోస్తున్నది మందే కాబట్టి. ఈ రెండు మందుల తికమక చిన్నవాడికి అసలే తెలియదు. తెలుగు ఇప్పుడిప్పుడే నాలుకకు పడుతున్నది. రోజూ రాత్రి తొమ్మిదికి వీధి వాకిట్లో నిలబడి, "నాన్నా, మందు వేసుకున్నావా?" అని అరిచేవాడు. మా అమ్మ పరుగున వెళ్ళి వాడి నోరు మూసేది.

ఊళ్ళో ఏం చెప్పాలన్నది అమ్మా, మా ఆవిడా కలిసి తేల్చారు: కామెర్లు. చిక్కిపోయాడు, ఆసుపత్రిలో పడుకున్నాడు, పథ్యంలో ఉన్నాడు, అన్నీ సరిపోయాయి. అయితే అంతకంటే కష్టమైన అబద్ధం ఇంకొకటి ఉండదు. ఒకరు నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి తెచ్చారు, ఇంకొకరు ఉప్పులేని పత్యం వివరాలు రాసిచ్చారు. వాళ్ళు చూస్తుండగా ఆ పసరంతా తాగాల్సి వచ్చేది.

మా అమ్మాయికి ఈ తంతు నచ్చలేదు. వాళ్ళ బడిలో ఆరోగ్య పాఠంలో తాగుడు ఒక జబ్బు అని చెప్పారట, చక్కెర జబ్బులాగే. వాళ్ళ జేజి, అంటే మా అమ్మ, పాల లెక్క రాసుకునే తిథుల క్యాలెండర్ మీద అది ఎర్ర స్కెచ్ పెన్నుతో టిక్కులు పెట్టడం మొదలుపెట్టింది. ఒక్కో గడిలో పైన తిథి, మధ్యలో ఎర్ర టిక్కు, కింద జేజి పెన్సిల్ రాత: అర, అర, ఒకటి.

ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. ఆ రోజు దేవుని కడప లక్ష్మీ వేంకటేశ్వరుడి గుడికి ముస్లింలు కొబ్బరికాయలు పట్టుకుని వస్తారు. బీబీ నాంచారమ్మ వాళ్ళ ఇంటి ఆడపడుచు, స్వామి వాళ్ళకు అల్లుడు. పిల్లలను అమ్మ పొద్దున్నే తీసుకెళ్ళి చూపించింది. తిరిగి వచ్చేసరికి ఇంటి నిండా బంధువులు. వరసకు పెద్దమ్మ ఒకామె గ్లాసు నిండా నేల ఉసిరి పట్టుకుని నా పక్కన కూర్చుని ఉంది. మా అమ్మాయి నేరుగా వచ్చి చెప్పింది, తన డాలస్ యాసలో, తప్పు లేని తెలుగులో:

"నాన్నకు కామెర్లు కాదు అవ్వా. తాగుడు జబ్బు. ఈ రోజుకు 31 రోజులు."

ఉగాది పచ్చడి గిన్నెలో స్పూను పడిన చప్పుడు వినిపించింది. నేను దాని చెయ్యి పట్టుకుని లోపలికి ఈడ్చుకెళ్ళాను. "మన ఇంటి సంగతి పదిమందిలో చెబుతావా?" అన్నాను. అది ఏడవలేదు. "అక్కడ కూడా ఇదే అన్నావు" అంది.

నిజమే. ఫిబ్రవరిలో దాని బడిలో కౌన్సెలర్ పిలిచి మాట్లాడిన రోజు, పిల్లల సంక్షేమం వాళ్ళు ఇంటికి వస్తారేమోనని భయపడి, నాన్నకు ఫ్లూ అని చెప్పమన్నాను. దాచడం కడప నేర్పింది, చెప్పుకోవడం అమెరికా నేర్పుతుంది అని తేలికగా పంచిపెట్టేవాళ్ళను చూస్తే నాకు ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. డాలస్‌లో తెలుగువాళ్ళ విందుల్లో ఆడవాళ్ళు హాల్లో, పిల్లలు మేడ మీద, మేము గరాజులో. ఆ గరాజు తలుపు వేసింది ఎవరు?

బయటికి వచ్చేసరికి పెద్దమ్మ గ్లాసులోని పసరును తులసి కోటలో పోస్తున్నది. వెళ్ళేటప్పుడు మా అమ్మాయిని గుమ్మం పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "ఆ మాత్రలు ఏ ఆసుపత్రిలో ఇస్తారు తల్లీ?" అని అడిగింది. ఎవరి కోసమో చెప్పలేదు. మా అమ్మాయీ అడగలేదు.

మా ఆవిడకు మాత్రం ఆ రోజు ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు. రాత్రి మిద్దె మీదికి వెళ్ళి టెలీ మానస్ 14416కు ఫోన్ చేసింది. మనసు బాగాలేనివాళ్ళ కోసం ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టిన నంబరు అది, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. నా గురించి కాదు, తన గురించి చెప్పుకుందట. ముప్పావు గంట తర్వాత కిందికి దిగింది. ఏం చెప్పుకుందో నాకు ఇప్పటికీ తెలియదు.

మే మొదటి వారంలో, ఒక ఇంటర్వ్యూ చెడిన సాయంత్రం, మళ్ళీ తాగాను. బస్టాండు దగ్గర. ఇంటికి వచ్చి, తలనొప్పి అని పడుకున్నాను. అందరూ నమ్మినట్టే ఉంది.

మర్నాడు పాలు పోయించుకుని అమ్మ క్యాలెండర్ దగ్గరకు వెళ్ళింది. పెన్సిల్ పట్టుకుని అలాగే నిలబడింది. "నిన్నటి గడిలో ఏమీ పెట్టలేదేమే?" అని మనవరాలిని అడిగింది.

"నాన్నను అడుగు జేజీ."

అమ్మ నా వైపు తిరిగింది. తలనొప్పి అన్న మాట ఇంకా నా నోట్లోనే ఉంది.

"నిన్న తాగానమ్మా" అన్నాను.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కళ్ళజోడు సవరించుకుని, ఆ రోజు గడిలో కింద 'అర' అని రాసుకుని, పెన్సిల్‌ను మేకుకు తగిలించింది.