పదో నంబరు

శనివారం, రాత్రి.

పొద్దున మెల్‌బోర్న్ శివారు టార్నీట్ గ్రౌండులో గడ్డి తడితడిగా ఉంది, ఒకటే చలి. మావాడు ఎర్ర బంతిని ఎడమ అరచేతిలో పెట్టుకుని కుడి పిడికిలితో గుద్దుతున్నాడు. ఫుటీ అంటే ఆస్ట్రేలియా వాళ్ళ ఫుట్‌బాల్. అందులో చేత్తో బంతిని విసరకూడదు, ఇలా గుద్దే పంపాలి. బంతి ఊరికే పక్కకు పోతోంది. చూస్తే బొటనవేలు పిడికిలి లోపల దాచుకున్నాడు. బయట పెట్టించాను. ఈసారి తిన్నగా వచ్చి నా గుండెల మీద తగిలింది.

"నాన్నా, పెండిల్స్ కొట్టినట్టే ఉందా?"

"అచ్చం అలాగే ఉందిరా."

పెండిల్స్ అంటే స్కాట్ పెండిల్‌బరీ, కాలింగ్‌వుడ్ జట్టు మిడ్‌ఫీల్డర్. ఈ ఊరొచ్చిన కొత్తలో ఫుటీ నాకు ఒట్టి తోపులాటలా అనిపించేది. బంతిని వదిలేసి పదో నంబరునే చూడమని ఆఫీసులో ఒకాయన చెప్పాడు. నలుగురు మీద పడుతున్నా ఆ మనిషికి తొందరుండదు. బంతిని చేతుల్లో కాస్త ముందుకు చాపి, ఒక్క క్షణం ఆగుతాడు. మీదికొచ్చినవాళ్ళు అటు తూలతారు, ఇతను ఇటు జారుకుంటాడు. ఆ ఆగడం కోసమే నేను మ్యాచ్ చూస్తాను.

అది బాస్కెట్‌బాల్ నేర్పిన చూపంటారు, నేనూ నమ్ముతాను. గిప్స్‌ల్యాండ్‌లోని సేల్ అనే ఊరి కుర్రాడు. బాస్కెట్‌బాల్‌లో జాతీయ క్రీడా సంస్థ స్కాలర్‌షిప్ వచ్చినా వదులుకుని ఇటు వచ్చాడు. జట్లు కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే 2005 డ్రాఫ్టులో ఐదో ఎంపిక. 2010 ఫైనల్ టై అయితే వారం తర్వాత మళ్ళీ ఆడించారు. అందులో కాలింగ్‌వుడ్ గెలిచింది, మైదానంలో మేటి ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ మెడల్ ఇతనికే దక్కింది. 2024లో 400 మ్యాచ్‌లు పూర్తి చేశాడు. అతనికి ముందు ఐదుగురే అంత దూరం వచ్చారు.

సాయంత్రం మావాడికి 2018 ఫైనల్ చివరి నిమిషాలు చూపించాను. పెండిల్‌బరీయే కెప్టెన్. బౌండరీ దగ్గర్నుంచి అవతలి జట్టు డామ్ షీడ్ గోల్ కొట్టాడు, వెస్ట్ కోస్ట్ ఐదు పాయింట్లతో గెలిచేసింది. మావాడు మాట్లాడలేదు. తర్వాత 2023 పెట్టాను. అప్పటికి పెండిల్‌బరీ కెప్టెన్సీ వదిలేశాడు, వయసు 35. ఈసారి బ్రిస్బేన్ మీద నాలుగు పాయింట్లతో కప్పు.

"మధ్యలో ఐదేళ్ళా?" అని వేళ్ళు లెక్కపెట్టాడు. వాడికి ఎనిమిదేళ్ళు. ఐదేళ్ళంటే వాడికి ఎంత పెద్ద కాలమో నాకప్పుడు తట్టింది.

పడుకునే ముందు వాళ్ళమ్మ వాడి కుడి పిడికిలికి కొబ్బరినూనె రాసింది. వేలి కణుపులు కందిపోయాయి. రేపు ఎడమ చేత్తో కొడతాడట.