షిరతాకిలో నల్లరాతి బ్లేడ్లు

జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవిలో అసహికవా నగరం దాటి కాస్త దూరం వెళ్ళాక రైలు అడవిలోకి దూరుతుంది. కమికవా తర్వాత షిరతాకి వచ్చేదాకా, 37 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, ఒక్క స్టేషనూ లేదు. ఒకే ఒక్క స్కూలు అమ్మాయి కోసం రైలు ఆగుతోందని మన వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరిగిన కథ ఈ లైన్‌దే. ఆ స్టేషనూ, ఈ లైన్‌లో ఇంకొన్ని చిన్న స్టేషన్లూ 2016లో మూతపడ్డాయి. నేను వచ్చింది వేరే పని మీద. మంచుయుగం మనుషులు రాతితో బ్లేడ్లు ఎలా తీశారో దగ్గరగా చూడాలన్నది నాకు ఎన్నాళ్ళ నుంచో ఉన్న కోరిక.

ఊరికి పైన అకైషియమ అనే కొండ ఉంది. ఎత్తు 1,147 మీటర్లు. సుమారు 22 లక్షల ఏళ్ళ కిందట ఇక్కడ ఎగజిమ్మిన లావా స్ఫటికాలు కట్టే వ్యవధి లేకుండా చల్లారి గాజైపోయింది. అదే అబ్సిడియన్. గైడుతో కలిసి పైకి వెళ్ళాం. ఎండ పడిన చోటల్లా కాలిబాట నల్లగా మెరుస్తోంది. కొన్ని ముక్కల్లో ఎర్రటి చారలు కూడా ఉన్నాయి. ఎంత ముద్దొచ్చినా ఒక్క ముక్క కూడా జేబులో వేసుకోకూడదు. గైడు ఆ మాట బయలుదేరేటప్పుడూ చెప్పాడు, దిగేటప్పుడూ చెప్పాడు. మంచి పనే.

ఆనాటి వాళ్ళు రాయి కొట్టుకుని పనిచేసిన చోట్లు కిందనే, యూబెత్సు నది గట్ల మీద ఉన్నాయి. హైవే వేయబోయే ముందు 1990ల మధ్య నుంచి తవ్వితే లక్షల కొద్దీ రాతి ముక్కలు బయటపడ్డాయి. వాటిలో 1,965 వస్తువులను 2023లో జపాన్ ప్రభుత్వం జాతీయ నిధిగా ప్రకటించింది. ఆ దేశపు జాతీయ నిధుల్లో ఇంతకన్నా పాతవి లేవు. ఊళ్ళోని మ్యూజియంలో జానెడు దాటిన ఈటె మొనలు కూడా ఉన్నాయి కానీ, నన్ను కదలనివ్వనివి అవి కావు. అతికించిన రాళ్ళు.

రాయి చెక్కినప్పుడు రాలిన పెచ్చులన్నిటినీ ఏరి, ఏది దేని పక్కన ఊడిందో చూసుకుంటూ, మళ్ళీ మొదటి బండలా అమర్చారు. ఎన్నేళ్ళ ఓపికో! అలా అమర్చిన కొన్ని రాళ్ళకు మధ్యలో ఖాళీ ఉంటుంది. అక్కడ ఉండాల్సిన పనిముట్టును చేసినవాడు పట్టుకెళ్ళిపోయాడు. చుట్టూ ఉన్న చెత్తను బట్టి అతను ఏం చేశాడో, ఎంత పెద్దది చేశాడో, ఏ దెబ్బ ముందు వేశాడో, ఏది తర్వాత వేశాడో మొత్తం చెప్పేయొచ్చు. అద్దాల పెట్టె చుట్టూ తిరుగుతూ చాలాసేపు ఆ దెబ్బల వరస పట్టుకోవడానికి ప్రయత్నించాను.

ఇక్కడి పద్ధతుల్లో అన్నిటికన్నా పేరున్నది ఈ నది పేరుతోనే పిలిచే యూబెత్సు పద్ధతి. ముందు రాయిని రెండు వైపులా చెక్కి పెద్ద ఆకులా తయారుచేస్తారు. దాన్ని చూసి ఇదే ఈటె మొన అనుకుంటాం. కాదు. ఒక అంచును ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పొడుగ్గా ఊడగొడతారు. అదే వైపు మళ్ళీ కొడితే స్కీ పలకల్లాంటి పొడవాటి ముక్కలు వస్తాయి. ఇప్పుడు రాయికి పైన చదునైన ముఖం ఏర్పడింది, ఆకారం పడవలా మారింది. ఆ పడవ కొస నుంచి ఒకదాని వెనక ఒకటి సన్నటి బ్లేడ్లు తీస్తారు. అంటే మొదటి దెబ్బ వేసేటప్పటికే చివరి బ్లేడు అతని తలలో ఉండాలి. ఈ ముందుచూపు కోసమే నేను ఇంత దూరం వచ్చాను.

మ్యూజియంలో రాయి చెక్కడం నేర్పే పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని, తొడ మీద తోలు పరుచుకుని కూర్చున్నాడు. జింక కొమ్ము మొనను రాయి అంచున ఆనించి, ఒంటి బరువంతా నెమ్మదిగా దాని మీదకు తెచ్చాడు. కొట్టలేదు, నొక్కాడంతే. ‘టిక్’మని చిన్న చప్పుడు. తోలు మీద పల్చటి పెచ్చు పడింది. దాన్ని నా అరచేతిలో పెట్టి, వేళ్ళతో అంచు తాకొద్దని సైగ చేశాడు. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే అంత నల్లటి రాయీ పొగరంగులోకి మారి, అవతలి వెలుతురు కనిపించింది. అడుగు వైపు కొమ్ము నొక్కిన చోటు నుంచి అలలు అలలుగా గీతలు. పరిశోధకులు దెబ్బ ఎటు నుంచి పడిందో చదివేది ఈ అలలను బట్టే.

అసలు సూక్ష్మ బ్లేడ్లు ఇంకా చిన్నవి, వెడల్పు అర సెంటీమీటరు అటూ ఇటూ. ఎముకకో కొమ్ముకో గాడి తీసి, అందులో వరసగా పొదిగి ఈటె అంచు చేసేవాళ్ళు. ఒకటి విరిగితే, రేజర్‌లో బ్లేడు మార్చినట్టు, దాన్ని తీసి ఇంకొకటి పెట్టుకోవడమే. మంచులో జంతువుల వెంట తిరిగేవాడికి ఇంతకంటే ఏం కావాలి? బండరాళ్ళు మోయక్కర్లేదు, ఒక్క పడవరాయి చేతిలో ఉంటే చాలు. అప్పట్లో సముద్రమట్టం తక్కువ. హొక్కైడో తనకు ఉత్తరాన ఉన్న సఖాలిన్ దీవితోనూ, దాని మీదుగా ఆసియా ఖండంతోనూ కలిసి ఉండేది. షిరతాకి రాయి సఖాలిన్‌లో కూడా దొరికిందంటే ఆశ్చర్యం లేదు.

చూస్తున్నంతసేపూ నాకు నంద్యాల జిల్లా జ్వాలాపురం గుర్తొస్తూనే ఉంది. అక్కడ సుమారు 35 వేల ఏళ్ళ నాటి సూక్ష్మ రాతి పనిముట్లు దొరికాయి. అక్కడ అబ్సిడియన్ లేదు. చెర్ట్, కాల్సెడనీ లాంటి రాళ్ళతో పని కానిచ్చారు. రెండు చోట్లకూ సంబంధం ఉందని అనను. కానీ జ్వాలాపురం పెచ్చులను కూడా ఇలా మన పిల్లల కళ్ళ ముందు పెడితే బాగుండునని గట్టిగా అనిపించింది.

వెళ్ళాలనుకునేవాళ్ళు వేసవిలోనే ప్లాన్ చేసుకోండి, మంచు కాలంలో కొండ ఎక్కనివ్వరు. కొండ యాత్రకు ముందే పేరు నమోదు చేసుకోవాలి. ఇక్కడ ఆగే రైళ్ళు తక్కువ, తిరుగు రైలు టైమ్ చూసుకున్నాకే మ్యూజియంలోకి అడుగుపెట్టండి. అతికించిన రాళ్ళకే ఒక పూట ఉంచుకోండి.