కాంక్రీటు పని అని రాయమన్నారు

2019 ఎండాకాలంలో నేను దుబాయ్‌లో ఒక బిల్డింగ్ సైట్‌లో టైమ్‌కీపర్‌ని. ఎవరు ఎప్పుడొచ్చారు, ఏ పని ఎన్ని గంటలు చేశారు అన్నది రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టడం నా డ్యూటీ. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని రూలు. దొరికితే కంపెనీకి మనిషికి 5,000 దిర్హాముల చొప్పున జరిమానా. కాంక్రీటు పోయడంలాంటి మధ్యలో ఆపలేని పనికి మాత్రం మినహాయింపు ఉంది.

మా దగ్గర నడిచేది సెంట్రింగ్, రాడ్లు కట్టడం. ఎప్పుడంటే అప్పుడు ఆపొచ్చు. కానీ పని వెనకబడిందని జులైలో రెండు రోజులు ఇరవై మందిని మధ్యాహ్నం కూడా ఎండలోనే ఉంచారు. అందులో సగం మంది మన పాలమూరు వాళ్లే, మక్తల్, నారాయణపేట వైపు నుంచి వచ్చినవాళ్లు. రెండో రోజు మక్తల్ నుంచి వచ్చిన ఒక అన్న కళ్లు తిరిగి రాడ్ల పక్కనే పడిపోయాడు. నీడకు మోసుకొచ్చి ఉప్పు నీళ్లు తాగిస్తే చాలాసేపటికి లేచి కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఫోర్‌మన్, ఆయనా తెలుగాయనే, నా దగ్గరికొచ్చి మెత్తగా అన్నాడు: "ఏం లేదు తమ్మీ, ఆ రెండు రోజులు కాంక్రీటు పని అని రాసెయ్. పొద్దున్నే కావాలి."

ఇంటి దగ్గర బోరు కోసం తెచ్చిన నాలుగు లక్షల అప్పు, నూటికి మూడు రూపాయల మిత్తి. వీసా రెన్యువల్‌కు ఇంకా మూడు నెలలే ఉంది. రూంలో వాళ్లంతా "ఒక్క మాటే కదా అన్నా, రాసెయ్, ఆయన బాగానే ఉన్నాడు కదా" అన్నారు.

మాది దేవరకొండ దగ్గర మెన్నోనైట్ బ్రదరెన్ చర్చి. ఒట్టు పెట్టొద్దు, అవునంటే అవును, కాదంటే కాదు అని సండే స్కూల్లోనే నేర్పించారు. అయినా ఆ రాత్రి నేను చేసిన మొదటి ప్రార్థన ధైర్యం కోసం కాదు. సంతకం పెట్టినా తప్పు కాకుండా ఉండే దారి చూపించు ప్రభువా అని అడిగాను. బైబిల్లో కూడా దానికోసమే వెతికాను. నిర్గమకాండం మొదటి అధ్యాయంలో మంత్రసానులు ఫరోకు ఉన్నదున్నట్టు చెప్పలేదు కదా, దేవుడు వాళ్లకు మేలు చేశాడు కదా అని అక్కడ ఆగాను. కాసేపు మనసు కుదుటపడింది కూడా. మళ్లీ చదివితే తెలిసింది, వాళ్లు ఆ మాట చెప్పింది పసిపిల్లల ప్రాణం కాపాడటానికి, అదీ రాజుకు ఎదురు నిలబడి. నేను రాయబోయేది ఎవరిని కాపాడటానికి? పడిపోయిన మనిషిని అయితే కాదు. ఆ తర్వాత ఇంకో వచనం వెతకడానికి మనసొప్పలేదు.

అప్పుడు ఇంటికి ఫోన్ చేశాను, అక్కడ అర్ధరాత్రి దాటింది. అసలు ఇది ముందే చేయాల్సింది. ఉద్యోగం పోతే అప్పులవాడు వచ్చి నిలబడేది నా ముందు కాదు, నా భార్య ముందు. అంతా విని ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత "మిత్తి ఎన్ని నెలలు ఆపుతారో రేపు నేను పోయి అడుగుతా. నువ్వు చేసింది చేసినట్టే రాయి" అంది. ఇద్దరం ఫోన్‌లోనే ప్రార్థన చేసుకున్నాం.

పొద్దున సెంట్రింగ్ అనే రాశాను, ఉన్న గంటలే వేశాను. ఫోర్‌మన్‌కు ముఖం మీదే చెప్పాను. కానీ వెంటనే భయమేసి "మీరు వేరేవాళ్లతో రాయించుకుంటే నేను అడ్డం రాను అన్నా" అని కూడా అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. నా చేయి శుభ్రంగా ఉంటే చాలనుకున్నానా అనిపిస్తుంది. నిజంగానే ఇంకొకరితో కొత్త పేజీ రాయించారు. నన్ను స్టోర్‌లో నైట్ డ్యూటీకి మార్చారు, అక్టోబర్‌లో వీసా రెన్యువల్ చేయలేదు.

ఇంటికి వచ్చాక చర్చిలో సాక్ష్యం చెప్పమని అయ్యగారు అడిగితే రెండుసార్లు తప్పించుకున్నాను. వెంటనే ఇంకో మంచి ఉద్యోగం వచ్చిందని, అప్పు తీరిందని చెప్పడానికి ఏమీ లేదు. అప్పు తీరడానికి ఇంకో మూడేళ్లు పట్టింది, నా భార్య చెవుల కమ్మలు కూడా పోయాయి. మూడోసారి అడిగినప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పాను, ఫోర్‌మన్‌తో చివర్లో అన్న మాటతో సహా.

మక్తల్ అన్న ఇంకా అక్కడే ఉన్నాడు. ప్రతి ఏడాది జూన్ 15 వచ్చిందంటే నేనే ఫోన్ చేస్తాను, మధ్యాహ్నం పూట ఎక్కడ కూర్చుంటున్నావన్నా అని అడుగుతాను.